ఏడుసార్లు దూకిన చిన్నరాణి

ఆ కోటలో పడమటి బురుజుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్ళినవాళ్ళకి పైనుంచి ఎవరో పడ్డ చప్పుడు వినిపిస్తుందట... దీపం పట్టుకెళ్ళి చూస్తే గడ్డి తప్ప ఏమీ ఉండదట. వందల ఏళ్ళ కిందట, శత్రువులు కోటని చుట్టుముట్టినప్పుడు, చిన్నరాణి అక్కడే పోయిందంటారు. ఎలా పోయిందో మాత్రం గైడునే అడగాలి.

గైడంటే ఇరవై ఆరేళ్ళుగా అక్కడ కోతలు కోస్తున్న మహానుభావుడు. కొత్త దంపతులొస్తే రాణి ప్రేమ కోసం దూకిందనేవాడు. పెద్దవాళ్ళొస్తే సవతి తోసిందనేవాడు. బడిపిల్లలొస్తే పామై నిధికి కాపలా కాస్తోందనేవాడు. ఎవరికి ఏ చావు నచ్చుతుందో మొహం చూసి పోల్చేవాడు.

అలాంటివాడికీ చిక్కొచ్చి పడింది. మర్నాడు పైఆఫీసు నుంచి పరీక్షాధికారి వస్తున్నాడు. కథ నచ్చితే లైసెన్సు ఉంటుంది, లేకపోతే ఊడుతుంది.

"నోరు తప్ప ఆస్తి లేని మనిషి మీరు. రేపు అదైనా సరిగ్గా వాడండి," అంది భార్య.

అందుకే వాచ్‌మన్‌ని బతిమాలి ఆ రాత్రి బురుజెక్కాడు. టార్చి గోడమీద పెట్టాడు. గొంతు సవరించుకుని, లేని జనానికి నమస్కారం పెట్టాడు.

"సరిగ్గా ఇక్కడి నుంచే..."

"మళ్ళీనా, నాయనా?"

గుసగుస... చెవి పక్కనే. టార్చి ఆరిపోయింది. గైడు పై ప్రాణాలు పైనే పోయాయి.

వెన్నెల్లో, గోడకి ఆనుకుని ఒకామె కూర్చుని ఉంది. మోకాళ్ళు ఒత్తుకుంటోంది.

"నువ్వు పగలు ఏం చెబితే... రాత్రి నాకదే జరుగుతుంది," అంది. "నిన్న సెలవురోజు కదా... ఏడుసార్లు దూకాను. మూడుసార్లు తోశారు. పిల్లలొచ్చిన రోజు ఈ మెట్లన్నీ పాకాలి."

పళ్ళు టకటకలాడుతున్నా గైడు అవకాశం వదల్లేదు.

"అసలు... మీరెలా పోయారు తల్లీ?"

ఆమె గోడ మీంచి కిందికి తొంగిచూసింది.

"గుర్తులేదు. నీ మాటలే విని విని, నా సంగతి నేనే మరిచిపోయాను... రేపు ఒక్కసారి, నిద్రలో పోయానని చెప్పవూ? ముసలిదాన్నై... మంచం మీద... ఒక్క రాత్రి కన్నుమూస్తాను."

గైడుకి భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అలాగే తల్లీ... ఒట్టు."

మర్నాడు పరీక్షాధికారి వచ్చి కుర్చీ వేయించుకున్నాడు. చుట్టూ నలభై మంది సందర్శకులు.

"చిన్నరాణి ముసలితనంలో, మంచం మీద, నిద్రలోనే పోయింది," అన్నాడు గైడు.

ఎవరో ఆవులించారు. ఒకాయన సెల్లు తీశాడు. అధికారి కలం కాగితం మీద ఆగింది.

"అంతేనా?"

గైడు కళ్ళముందు భార్య మొహం మెదిలింది. ఇరవై ఆరేళ్ళ అలవాటున్న నోరు ఊరుకుంటుందా?

"...అని శత్రువులు పుట్టించిన పుకారు! జరిగింది వేరు—"

ఇక ఆగలేదు. సవతి చేత విషం పెట్టించాడు. జుట్టుకి నిప్పంటించాడు. అప్పటికీ తనివి తీరక బురుజు మీంచి దూకించి, కింద పడ్డాక పాముని చేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

అధికారి లేచి చెయ్యి కలిపాడు.

"అద్భుతమండీ! మొత్తం రికార్డు చేశాను. వచ్చే వారం నుంచి వచ్చినవాళ్ళందరికీ చెవిలో పెట్టుకునే యంత్రం ఇస్తాం, అందులో మీ గొంతే. ఎవరు మీట నొక్కితే వాళ్ళకి, ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు."

"మరి నేను?"

"ఇక మీకెందుకండీ శ్రమ?"

పై వారం చివర్లో, లైసెన్సు కార్డు అప్పగించడానికి గైడు కోటకి వెళ్ళాడు. పనయ్యేసరికి చీకటి పడింది. గేటు దగ్గర వాచ్‌మన్ చెవుల్లో దూది పెట్టుకుని ఉన్నాడు.

"నాలుగు రోజులుగా ఇంతే," అన్నాడు మెల్లగా.

దబ్... దబ్... దబ్...

ముప్ఫై దాకా లెక్కపెట్టి, గైడు చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. కోట గోడ కిందే ఇల్లు. తలుపు గడియ వేసి, రాణి అడిగిందీ, తను ఒట్టేసిందీ, తప్పిందీ, అంతా భార్యకి చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. పుట్టి బుద్ధెరిగాక అతను అల్లకుండా చెప్పిన కథ అదొక్కటే.

ఆవిడ నోరు తెరుచుకుని విన్నది.

"ఎంత బాగుందండీ! ఆ అధికారికి ఇది చెప్పలేకపోయారా?"

గైడు దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. చప్పుడు తెల్లవారేదాకా వస్తూనే ఉంది.