ముదురు ఎరుపు వార్డు

గణాంకాల శాఖ అధికారిని పట్టపగలు ఆయన కుర్చీలోనే కాల్చి చంపారు. తుపాకీకి సైలెన్సర్ బిగించారేమో, పక్క గదిలోని గుమాస్తాలకు కునుకు కూడా చెడలేదు. శరణార్థుల మీద కక్షగట్టిన ముఠా పని అది. పోయింది ఒక్క పెన్‌డ్రైవ్. నగరంలో ఏ వార్డులో ఎంతమంది శరణార్థులు తలదాచుకున్నారో చెప్పే పట్టిక అందులో ఉంది.

"వట్టి పట్టికతో వాళ్ళకేం ఒరగదు," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. "అందులో ఉన్నవి వార్డు కోడ్లు, అంకెలే. కానీ వార్డుల సరిహద్దుల ఫైలు వాళ్ళ దగ్గరుంది. కోడ్‌కి కోడ్ కలిపితే మ్యాప్ మీద రంగులొస్తాయి. ఎక్కువ మంది ఉన్న వార్డు ముదురు ఎరుపు. దాని నడిబొడ్డున పొరుగు దేశం మిసైల్."

ఎదుట కూర్చున్న ఏజెంట్‌ను పిల్లి అంటారు. నడిస్తే చప్పుడు కాదు మరి. ముఠాకి మ్యాపులు గీసే మేడమ్ నిజానికి మన మనిషేననీ, ఆమె తమ్ముడు ఆ ఎర్రబడబోయే వార్డులోనే దాక్కున్నాడనీ పెద్దాయన చెప్పాడు. ఆమెతో ఏం చేయించాలో కూడా వివరించాడు. తర్వాత ఆమెను బయటికి తేవడం ఎలా అని పిల్లి అడిగాడు.

"తేవు. తెస్తానని మాత్రం చెప్పు."

అంత మాట అనేసి చక్కగా కళ్ళజోడు తుడుచుకున్నాడు మహానుభావుడు.

ఆదివారం పిల్లి ఏసీ మెకానిక్ వేషంలో ముఠా ఆఫీసుకు వెళ్ళాడు. అది ఫ్యాక్టరీల వార్డు. సెలవు రోజు కావడంతో ఆ ఒక్క మేడ తప్ప అన్నిటికీ తాళాలే. అతని చేతిలోని గ్యాస్ మీటర్ లోపల, మిసైల్ కదలగానే బీప్ కొట్టే రేడియో ఉంది.

కాఫీ మెషీన్ దగ్గర మేడమ్ కలిసింది. నల్ల గౌను, ఎర్ర లిప్‌స్టిక్. ఎందరో జనరల్స్ నోట రహస్యాలు కక్కించిన అందం ఆమెది. ఆ పూట మాత్రం ఆమె ధ్యాసంతా తమ్ముడి మీదే. తమ్ముడి వార్డు అంకె చెరిపేస్తే సరిపోదా అని అడిగింది.

"చాలదు," అన్నాడు పిల్లి. "అది పోతే దాని తర్వాతది ఎర్రబడుతుంది. ఎవరో ఒకరు ఎర్రబడాల్సిందే. రెండు కోడ్లు తారుమారు చేయండి. మీ తమ్ముడి వార్డు అంకె ఈ వార్డుకి రావాలి."

"ఈ వార్డుకా?" ఆమె కాళ్ళకింది నేల వంక చూసింది. "మరి నేను?"

"గ్యాస్ అయిపోయిందని అంటాను. వెంటనే నా వెనకే వచ్చేయండి."

ముఠా నాయకుణ్ణి దొర అంటారు. ఆమె కంప్యూటర్ ముందు కూర్చోగానే అతను కుర్చీ వెనకే నిలబడ్డాడు. పిల్లి ఆ గది ఏసీ విప్పుతున్నాడు. మ్యాప్ మీద ఒక్క పేరూ కనపడకూడదని రూలు పెట్టింది అతనే. ఎవడైనా ఫోటో తీస్తే ఊరేదో తెలిసిపోతుందని భయం. పైగా ఈ నగరాన్ని కారు నల్లద్దాల్లోంచి తప్ప చూసిన పాపాన పోలేదు, తానున్న వార్డు ఆకారమైనా తెలీదు. మేడమ్ పట్టికనూ సరిహద్దులనూ కలిపింది. ఒక వార్డు నెత్తురు రంగులోకి మారింది. దొర మొత్తం జనాభా సరిచూశాడు. తారుమారు చేసినంత మాత్రాన మొత్తం మారదుగా! తృప్తిగా తలాడించి, ఆ వార్డు నడిబొడ్డు అక్షాంశ రేఖాంశాలు దేశ సరిహద్దు అవతలికి పంపేశాడు.

మీటర్‌లో సన్నగా బీప్ వినిపించింది. మిసైల్ బయలుదేరింది.

"గ్యాస్ అయిపోయిందండీ. కిందనుంచి సిలిండర్ తేవాలి," అన్నాడు పిల్లి.

మేడమ్ లేవబోయింది. దొర ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "ఎక్కడికి? నువ్వు వేసిన మ్యాప్ ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూడు."

పిల్లి మీటర్ చేతిలోకి తీసుకున్నాడు. నోరు విప్పితే దొరకు అనుమానం వస్తుంది, మిసైల్ దారి మళ్ళుతుంది. ఆమె అతని ముఖంలోకి చూసింది. తనను తీసుకెళ్ళే ఉద్దేశం ఎవరికీ ఎప్పుడూ లేదని ఆమెకు అర్థమైపోయింది.

"మీరెళ్ళండి మెకానిక్ గారూ," అంది. "తొందరేం లేదు."

అతను తనను తాను అసహ్యించుకుంటూ మెట్లు దిగాడు. వార్డు చివరి కాలువ దాటాడో లేదో, వెనక మేడ కూలిపోయింది.

మర్నాడు పెద్దాయన మహా హుషారుగా ఉన్నాడు. మేడమ్‌కి పతకం ప్రకటిద్దామనీ, దాన్ని ఆమె తమ్ముడి చేతికి అందజేయమనీ పురమాయించాడు.

"ఆ వార్డులో వేల ఇళ్ళున్నాయి సార్," అన్నాడు పిల్లి. "అతనుండే ఇల్లు తెలిసింది ఆవిడ ఒక్కర్తెకే."