గాజు కాని రాయి

మధ్యాహ్నం బెల్లు మోగేసరికి రాళ్ళ డాక్టరు బల్ల చుట్టూ పిల్లలు మూగారు. మర్నాడు బడిలో సైన్స్ ప్రదర్శన. వాళ్ళ క్లాసుకు ఇచ్చిన బల్ల మీద రాళ్ళు పెట్టాలి. ఏ రాయి పేరేమిటో తేల్చేది ఆ డాక్టరమ్మే.

ఆమె కూడా ఆ క్లాసు పిల్లే. ఆ పేరు తోటివాళ్ళు పెట్టిందే. ఆమె చిన్నప్పటి నుంచి రాళ్ళు పోగేస్తోంది. ఎవరైనా రాయి తెస్తే వెలుతురులో తిప్పి చూస్తుంది, గాజు ముక్క మీద గీసి చూస్తుంది, పేరు చెబుతుంది. చాలాసార్లు సరిగ్గానే చెప్పింది కాబట్టి అందరికీ ఆమె మాట మీద గురి. అది ఆమె కష్టపడి సంపాదించుకున్న ఆస్తి. అయితే ఆ ఆస్తి పెరిగేకొద్దీ, తెలియదు అని చెప్పడం ఆమెకు అలవాటు తప్పింది.

పిచ్చుక తన వంతు రాగానే జేబురుమాలు విప్పింది. క్లాసులో అందరికంటే పొట్టిగా ఉంటుందని ఆమెను అలా పిలుస్తారు. కూర్చునేది డాక్టరు పక్కనే. రుమాలులో బొటనవేలంత రాయి ఉంది. నీళ్ళలా తేటగా, నునుపైన పలకలతో ఉంది. ఇంటి పనికి తోలిన ఇసుకను తాతయ్యతో కలిసి జల్లెడ పడుతుంటే పైన మిగిలిందట. తాతయ్య దాన్ని కడిగి, ఇది మామూలు రాయి కాదన్నారట. ప్రదర్శనకు తనే వచ్చి చూస్తానన్నారట.

అలాంటి రాయిని డాక్టరు ఎన్నడూ చూడలేదు. గీసి చూసే గాజు ముక్క ఆ రోజు ఇంట్లో మరిచిపోయింది. రేపు చెబుతాను అంటే సరిపోయేది. ఇంతలో వెనక నుంచి ఒకడు అది వజ్రమేమో అన్నాడు. అందరూ ఆమె నోటి వైపే చూశారు.

"వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదు," అంది డాక్టరు. ఆ మాట ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఎక్కడో ఎవరో అంటుంటే విన్నది.

చార్టులకు మేకులు కొట్టడానికి తెచ్చిన సుత్తి పక్కనే ఉంది. డాక్టరు దాన్ని అందుకుంది. పిచ్చుక, "వద్దులేవే, పేరు లేకపోయినా పర్వాలేదు," అంటూ చెయ్యి చాపింది. ఆ చెయ్యి అందేలోపే దెబ్బ పడింది.

రాయి రెండుగా చీలిపోయింది.

తప్పు చేశానని డాక్టరుకు ఆ క్షణంలోనే తెలిసింది. కానీ చుట్టూ అంతమంది ఉన్నారు. "చూశారా, ఒట్టి గాజు పెంకు," అంది.

అందరూ గొల్లున నవ్వారు. మీ తాతయ్య సోడా సీసా పగలగొట్టుకున్నారేమో అడుగు అని ఒకడు వెక్కిరించాడు. పిచ్చుక ఏడవలేదు. నేను రాయి పెట్టడం లేదని చెప్పి, ఖాళీ రుమాలు మడుచుకుని వెళ్ళిపోయింది. డాక్టరు ముక్కలు తీసి జేబులో వేసుకుంది. ఆ పూట ఆమె పరువు చెక్కు చెదరలేదు. దాని ఖరీదు మాత్రం ఇంకొకరు కట్టారు.

సాయంత్రం డాక్టరు తన అమ్మ నడిపే అద్దాల కొట్టుకు వెళ్ళింది. అమ్మ కిటికీలకూ ఫోటోలకూ అద్దాలు కోసి అమ్ముతుంది. నేల ఊడవడం డాక్టరు పని. ఊడుస్తూ ఊడుస్తూ ఆమె ఒక మందపాటి గాజు ముక్క దగ్గర ఆగిపోయింది. అది విరిగిన చోట గుండ్రంగా, ఆల్చిప్ప లోపలి వైపులా వంపు తిరిగి ఉంది. జేబులోని ముక్క తీసి పక్కన పెట్టింది. అది కత్తితో కోసినట్టు సాపుగా ఉంది. దాని కొసతో గాజు మీద గీసింది. కీచుమని గీత పడింది. వేలితో ఎంత తుడిచినా ఆ గీత పోలేదు.

అంటే అది గాజు కాదు, గాజు కన్నా గట్టి రాయి.

చప్పుడు విని వచ్చిన అమ్మ, నగల రాళ్ళు అమ్మే పక్క కొట్టు బాబాయి దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. టోపాజ్ అనే విలువైన రాయి కావచ్చన్నారు. ఆ రాయికి దెబ్బ తగిలితే ఇలాగే సాపుగా చీలుతుందట. ముక్కలు కాకుండా మొత్తం రాయి తెచ్చి ఉంటే ఇంకాస్త గట్టిగా చెప్పేవాడినన్నారు. సుత్తి సంగతి విన్నాక ఆయన ముఖం ముడుచుకుంది. "వజ్రమైనా పగులుతుందమ్మా. గీతలు పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు."

తిరిగి వస్తూ డాక్టరు, రేపు టోపాజ్ అని కార్డు రాసి పెడతానంది.

"పేరు సరే. రాయి ఎవరిది?" అంది అమ్మ.

డాక్టరు జరిగింది చెప్పింది. అమ్మ తిట్టలేదు. "మన చేతిలో ఒకరి అద్దం పగిలితే ఏం చేస్తాం?"

"కొత్తది ఇస్తాం."

"మరి దీనికి?"

డాక్టరు చేతిలోని ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి చూసింది.

పొద్దున్నే బడి గేటు దగ్గర పిచ్చుకను ఆపి, ముక్కలు చేతిలో పెట్టి, అంతా చెప్పింది.

"నాకొక్కదానికే చెబితే ఎలా? గాజని అందరి ముందూ అన్నావుగా," అంది పిచ్చుక. తాతయ్యతో మాత్రం, రాయి జారి పడిందని తాను చెప్పేశానంది. నవ్వారని తెలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారట.

డాక్టరు క్లాసులో లేచి నిలబడి చెప్పింది. ఒకడు నీకు డాక్టరు పట్టా ఎవరిచ్చారన్నాడు. ఇంకొకరు తమ రాయి వెనక్కి తీసుకుని, దీన్నయినా సరిగ్గా చూశావా అని అడిగారు. పిచ్చుక ముక్కల్ని నల్లగుడ్డ మీద పక్కపక్కనే పెట్టింది.

ప్రదర్శనకు తాతయ్య వచ్చారు. ముక్కల మీదికి వంగి చూశారు.

"చేతిలోంచి జారితేనే ఇలా చీలిందా, తల్లీ?" అని పిచ్చుకను అడిగారు.

పిచ్చుక నేల చూపులు చూసింది. డాక్టరు నోరు మెదపకపోతే ఆ మాట అక్కడితో ముగిసిపోతుంది. ఆమె బల్ల వెనక నుంచి ముందుకు వచ్చింది.

"జారి పడలేదు తాతగారూ. నేను సుత్తితో కొట్టాను. పిచ్చుక వద్దన్నా వినలేదు. పగిలాక గాజు పెంకని అందరితో చెప్పిందీ నేనే. మీరన్నట్టే, ఇది మామూలు రాయి కాదు."

ఆయన ముక్కల మీది నుంచి తలెత్తి ఆమె వైపు చూశారు. డాక్టరు తల వంచుకుంది. కానీ అక్కడి నుంచి కదల్లేదు.