ఏడో మంచానికి ఆఖరి మందు

పదిహేను రోజుల్లో ముగ్గురు పోయారు. కంపాలాలో కొండమీది ఆస్పత్రి ఆపరేషన్ల వార్డులో, ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని బాక్టీరియా తిష్ఠ వేసింది. దాన్ని చంపే మందు ఒక్కటే మిగిలింది. ప్రభుత్వ స్టోర్సులో అసలు మందుగా ఉన్నది, మంచం దగ్గరికి వచ్చేసరికి ఉత్త పిండిగా మారుతోంది.

"మారుస్తున్నది విదేశీ ముఠా," అంది నిఘా విభాగం చీఫ్ బిరుంగి. "వాళ్ల మనిషి లోపలే ఉన్నాడు. స్టోర్సులో కొత్తగా చేరిన మన ఏజెంటే మందు తెస్తుంది. కోడ్ గుర్తుందిగా?"

ఏజెంట్ లుబేగా తలూపాడు. మారువేషం అక్కర్లేకపోయింది. ఏడో మంచం మీద ఉన్నది అతని సొంత మేనత్త. బేసిన్, చాప, గంజి ఫ్లాస్కు పట్టుకొని పక్కన చేరాడు. పదింటికి మందు పడకపోతే ఆమె దక్కదని డాక్టర్ తేల్చి చెప్పేశాడు. లుబేగాకు నేల తుడిచేవాడి మీద అనుమానం, నర్సు మీద అనుమానం, చివరికి గంజి మీద కూడా అనుమానమే.

పదికి ఐదు నిమిషాలుందనగా ఐస్ పెట్టెతో ఒక అందగత్తె వచ్చింది.

"అరటికాయ మటోకే ఉడికిందా?" అన్నాడు లుబేగా.

"ఇంకా ఆకు విప్పలేదు."

కోడ్ సరిపోయింది. ఆమె ఇచ్చిన సీసా మీద పెన్ టార్చ్ వేశాడు. లేబుల్ పచ్చగా మెరిసింది, అంటే అసలుదే. నర్సు మందు కలిపి సిరంజి నింపింది.

అత్త కళ్లు తెరిచింది. "ఎవరమ్మా నువ్వు?"

"నకాటోని, పెద్దమ్మా. ఇక్కడి పిల్లనే."

"బబిర్యే బాగుందా?"

"ఆవిడెవరు? మా అమ్మకి నేనొక్కదాన్నే."

లుబేగా నర్సు వైపు కదిలాడు. ఇక్కడ కవల ఆడపిల్లల్లో ముందు పుట్టినదానికి బబిర్యే అని, తర్వాతదానికి నకాటో అనే పేరు పెడతారు. అక్క చచ్చిపోయి ఉండొచ్చు గాని, బబిర్యే ఎవరని అడిగే నకాటో ఈ గడ్డ మీద ఉండదు.

సూది దిగబోతుండగా నర్సు చెయ్యి పట్టుకున్నాడు. అందగత్తె తలుపువైపు దూకింది. లుబేగా కాలితో బేసిన్ అడ్డం తోశాడు. బోర్లా పడ్డ ఆమెను రోగుల తాలూకు ఆడవాళ్లు నలుగురు కలిసి కదలకుండా పట్టుకున్నారు. పెట్టె అడుగున, ఐస్ కింద, అసలు సీసాలు దొరికాయి. చీఫ్ చెప్పిన లోపలి మనిషి ఈ కొత్త ఏజెంటే. సరిగ్గా పదింటికి మందు పడింది.

మూడో రోజుకి జ్వరం దిగింది.

"ఏరా గూఢచారీ," అంది అత్త, "పిల్ల అందంగా ఉంటే చాలా? ఏ వంశమో అడక్కుండానే నాకు సూది పొడిపించేద్దామనుకున్నావా?"

నకిలీ సీసాకి అసలు లేబులే అంటించారని ల్యాబ్‌లో తేలింది. టార్చ్ లేబుల్‌నే చూస్తుందట, లోపలి పొడిని చూడదట. రిపోర్టులో 'ఉపయోగపడిన పరికరం' అన్న చోట లుబేగా 'మేనత్త' అని రాశాడు.