ఒంటరిగా వచ్చినవాళ్ళెవరు?

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు...!

మనిషి నీడ మనిషి పాదాలకిందే ముడుచుకుపోయే ఘడియ అది. అర్ధరాత్రి అంటే హడలిపోయే జనం ఈ ఘడియను తేలిగ్గా తీసుకుంటారు గానీ, క్షుద్రోపాసకులకు రెండూ ఒకటే! నడినెత్తిన ఎండ మండుతుండగానే పడమటి దిక్కునుంచి కారుమేఘాలు కమ్ముకొస్తున్నాయి. ఎక్కడో దూరంగా ఉరిమింది. మైదానంలో వేసిన సర్కస్ డేరా శిఖరాన, మధ్య గుంజ కొసమీద, ఒక గుడ్లగూబ రెప్పవేయకుండా కూర్చుని ఉంది. టికెట్ల వరుసలో నిలబడ్డ రెండొందల మందిలో దాన్ని చూసింది ఆమె ఒక్కతే.

"ఏవండీ, అటు చూడండి... పట్టపగలు గుడ్లగూబ!" అంది భర్త మోచెయ్యి పట్టుకుని.

"ఊఁ," అన్నాడాయన ఆవులిస్తూ. చూడలేదు.

ఆయన్ని అనడానికీ లేదు. ఆయనది బట్టల మిల్లులో బాయిలర్ దగ్గర రాత్రి డ్యూటీ. ఆమెది మేజోళ్ళ ఫ్యాక్టరీలో పగటి డ్యూటీ. ఆయన ఇంటికొచ్చేసరికి ఆమె చెప్పులు వేసుకుంటూ ఉంటుంది. ఆమె వచ్చేసరికి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉంటాడు. ఒకటే మంచం, ఒకటే దిండు, అదీ వంతులమీద! పధ్నాలుగు నెలల తర్వాత ఇద్దరికీ ఒకే రోజున సెలవు దొరికింది. "సర్కస్‌కి వెళ్దామా?" అని వారం ముందే వంటింటి గోడమీద సుద్దముక్కతో రాసిపెట్టింది. కింద ఆయన "సరే" అని రాశాడు. వాళ్ళ సంసారంలో మాటలన్నీ ఆ గోడమీదే.

బస్సులో చెబుదామని ఆమె బోలెడు కబుర్లు దాచుకుంది. కొత్త సూపర్‌వైజర్ పెట్టుకునే విగ్గు కథ సగంలో ఉండగానే పక్కనుంచి గురక వినిపించింది. డేరాలో కూర్చున్నాక, ఏనుగు వచ్చి తొండమెత్తి సలాం చేసేలోపే మళ్ళీ నిద్ర! పోనీ, తల వాల్చేవాడు ఆమె భుజంమీద వాల్చకూడదూ? అవతల కూర్చున్న ముక్కూమొహం తెలియని లావుపాటాయన భుజంమీద వాల్చాడు. ఆ మహానుభావుడు మొహమాటానికి పోయి, పాపం, కదలకుండా బిగుసుకుని కూర్చున్నాడు.

ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వు ఎవరితో పంచుకోవాలో తెలియక అటూ ఇటూ చూసింది. పంచుకునే మనిషి దొరక్క అది గొంతులోనే ఏడుపై కూర్చుంది.

అంతలో... దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి!

చీకటి... కాటుకలాంటి చీకటి! డేరా నడినెత్తినున్న రంధ్రంలోంచి ఒకే ఒక్క సూర్యకిరణం నిట్టనిలువుగా రింగు మధ్యలో పడింది. ఆ వెలుగులోకి అడుగుపెట్టాడు అతడు. ఆజానుబాహువు... పాదాల దాకా నల్లని అంగీ... నిప్పుకణికల్లా జ్వలించే నేత్రద్వయం! ఎడమచేతిలో ఒక కపాలం. దాన్ని అంటిపెట్టుకుని ఇంకా వేలాడుతున్న పొడవాటి స్త్రీ జడ! పైనున్న గుడ్లగూబ రెక్కల చప్పుడైనా లేకుండా దిగివచ్చి అతడి భుజంమీద వాలింది.

పోస్టర్లమీద అతడి పేరు మాయల మాస్టారు. పిల్లలు ఈలలు వేశారు. కానీ అతడు... మరణానంతరం కూడా మనిషిని వదలని మహా మాంత్రికుడు!

తొమ్మిదేళ్ళ క్రితం అతడి భార్య ఇదే సర్కస్‌లో తీగమీద నడిచేది. నీతో ఉండలేను, పోతున్నాను అంది. ఆ పూట ఆటకు ముందు అతడు తీగ బిగించే మర వదులు చేశాడు. నలభై అడుగుల ఎత్తునుంచి ఆమె నేలకు రాలింది. అయినా అతడి కసి తీరలేదు. ఆమె కపాలాన్ని తవ్వి తీసి, ఆత్మను అందులో బంధించాడు. ఇప్పుడు దాన్ని మరొక దేహంలోకి దింపి ఆజన్మాంతం బానిసగా ఏలుకోవాలని ఊరూరా తిరుగుతున్నాడు. దానికి ఒకటే నియమం... తనకెవరూ లేరని తన నోటితోనే ముమ్మారు ఒప్పుకున్న స్త్రీ కావాలి! అలా ఒప్పుకున్న దేహం తలుపు తీసిపెట్టిన ఇల్లు. లోపలి ప్రాణం వెళ్ళిపోతుంది, బయటి ప్రాణం వచ్చి చేరుతుంది.

అతడు ఎముకల బూడిదతో రింగులో ఒక వలయం గీశాడు. తల ఎత్తాడు.

"ఒంటరిగా వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా...?"

సెలవురోజున సర్కస్‌కు ఒంటరిగా ఎవరొస్తారు? ఆ కిరణపు మసకవెలుతురులో జనం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆమె పక్కకు చూసింది. భర్త నోరు తెరుచుకుని, లావుపాటాయన భుజాన హాయిగా ఉన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యెత్తింది!

ఆమె వలయంలోకి అడుగుపెట్టగానే ఆకాశం ఫెళఫెళారావాలతో దద్దరిల్లింది.

"నీతో ఎవరూ రాలేదా, తల్లీ?"

"రాలేదు."

"నీకోసం ఎదురుచూసేవాళ్ళు?"

"లేరు."

"నువ్వు పిలిస్తే పలికేవాళ్ళు...?"

ఆమె తటపటాయించింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూద్దామనుకుంది. "ఏవండీ!" అని గొంతెత్తి పిలిచింది. జనం గొల్లుమన్నారు. బాయిలర్ హోరులో పదేళ్ళు పనిచేసిన చెవులకు ఒక ఆడమనిషి కేక ఏపాటిది? ఆయన కదల్లేదు.

"లేరు," అంది.

అంతే...! మాంత్రికుడి పెదవులమీద వికృతమైన నవ్వు! కంచుకంఠంతో మంత్రోచ్చారణ మొదలైంది. "హ్రీం... హుం... ఫట్!" ఆమె వెన్నులో మంచు పాకింది. గోళ్ళకిందనుంచి, కనురెప్పలకిందనుంచి ప్రాణాన్ని ఎవరో పీకుతున్నారు! ఆమె కెవ్వున అరిచింది. జనం చప్పట్లు కొట్టారు. వలయంలో కూలబడి, గుక్కతిప్పుకోకుండా మళ్ళీ అరిచింది. "అబ్బ, ఎంత బాగా చేస్తోందో!" అన్నారెవరో.

ఇన్ని వందల మంది మధ్య, తాళికట్టిన మనిషి అదే డేరాలో ఉండగా, తాను ఇలా చచ్చిపోతోంది. ఆమెకు చావుకంటే అదే ఎక్కువ బాధనిపించింది.

అప్పుడు... పోతున్న ఆమె చేతికి, వస్తున్న ఒక చల్లని చెయ్యి తగిలింది.

"తప్పుకో చెల్లీ," అంది తీగమీది మనిషి ఆత్మ, అలసిపోయిన గొంతుతో. "నాకూ ఇష్టం లేదు. వాడు లాగుతున్నాడు."

ఆమె ఆ చేతిని వదల్లేదు. గట్టిగా పట్టుకుంది. ఎన్నాళ్ళకు దొరికిన మనిషి చెయ్యి అది!

"నువ్వు రా అక్కా. కానీ నేను పోను. ఇద్దరం ఉందాం."

"ఒక ఒంట్లో ఇద్దరమా? చోటు చాలదు."

"ఒక మంచంతో సంసారం ఈదుకొస్తున్నదాన్ని. సర్దుకోవడం నాకు తెలుసు. రా!"

మాంత్రికుడు గర్జించాడు. "లే...! ఇకనుంచి నువ్వు నా దానివి! నా మాట జవదాటితే భస్మం చేస్తాను!"

ఆమె కళ్ళు తెరిచింది. ఒక కంట భయం, ఒక కంట ప్రళయం! ఒకే గొంతులోంచి రెండు స్వరాలు వెలువడ్డాయి.

"పోతానంటే తీగ వదులు చేశావు. ఇప్పుడు రమ్మన్నావుగా... వచ్చాం!"

మాంత్రికుడి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ఎవరూ లేని మనిషి ప్రాణం ఊదితే ఎగిరిపోతుందని లెక్కవేశాడు వాడు. ఎవరూ లేని మనిషి దొరికిన చేతిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో వాడికేం తెలుసు? ఒక్క ప్రాణాన్ని బంధించడానికి గీసిన వలయం రెండు ప్రాణాల బరువుకు పటపటా చిట్లింది! కట్టు తెగిన మంత్రం బుసలుకొడుతూ ఉపాసకుడి మీదికే తిరగబడింది. కపాలానికున్న జడ కాలనాగులా లేచి వాడి కంఠానికి చుట్టుకుంది. "వద్దు...! నిన్ను ప్రేమించానే... వద్దు...!" అని వాడు గింజుకుంటుండగా నలభై అడుగుల ఎత్తుకు, ఆ తీగదాకా ఈడ్చుకుపోయింది! డేరామీద పిడుగు పడింది. సూర్యకిరణం అగ్నిస్తంభమై భగ్గుమంది. మరుక్షణం అక్కడ మాంత్రికుడు లేడు. గుప్పెడు బూడిద మెల్లగా రాలి ఆమె జుట్టుమీద పడింది. గుడ్లగూబ ఒక్క కూత కూసి, రంధ్రంలోంచి ఎగిరిపోయింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఇంకోసారి! ఇంకోసారి!" అని అరిచారు.

"ఇక వెళ్తాను చెల్లీ," అంది లోపలి గొంతు.

"ఉండిపో అక్కా. నాకు ఇబ్బందేం లేదు."

"తొమ్మిదేళ్ళు పుర్రెలో ఉన్నాను. పడుకోవాలి. ఆ నిద్రపోయే ఆయన్ని లేపకూడదూ?"

"అలిసిపోయాడు, పాపం."

"నువ్వు అలిసిపోలేదూ?" అని, ఆ చల్లదనం మెల్లగా చెయ్యి విడిపించుకుంది. తన ఒంట్లో ఇంత ఖాళీ చోటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

దీపాలు వెలిగాయి. ఆమె తన వరుసలోకి తిరిగొచ్చింది. "మీ ఆయనేనా అమ్మా? కాస్త అటు జరుపుకోండి. నా భుజం తిమ్మిరెక్కిపోయింది," అన్నాడు లావుపాటాయన.

ఆమె భర్త రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది. "లేవండి! లేవండీ!"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "ఏంటి, డ్యూటీ టైమైందా?"

"కాలేదు. ఒంటరిగా వచ్చినవాళ్ళెవరని అడిగితే ఇంతమందిలో నేను చెయ్యెత్తాను. నాకెవరూ లేరని చెప్పాను. మీరు పక్కనే ఉన్నారు."

ఆయన కోప్పడతాడనుకుంది. లేదా నవ్వేసి మళ్ళీ కళ్ళు మూసుకుంటాడనుకుంది. ఆయన ఎర్రటి కళ్ళతో ఆమె ముఖంలోకి చూశాడు. జుట్టులో బూడిద కనిపించి చెయ్యి చాపి దులిపాడు.

"మెలకువగా ఉంటే... నేనూ ఎత్తేవాణ్ణే," అన్నాడు.