దూదమ్మ గది

చీకటి పడితే ఆ గదివైపు ఎవరూ పోరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట ఇది. చిత్తూరు దారిలో ఒక మిషను ఆసుపత్రి వెనక, చింతచెట్ల కింద ఉండేది ఆ గది. ఒకప్పుడు మశూచి రోగుల్ని అందులోనే పెట్టేవాళ్ళట. బయటికి నడిచి వచ్చినవాళ్ళు తక్కువ.

తరవాత నర్సు చదువు పిల్లల కోసం అక్కడొక మంచం వేసి, దూది కూరి కుట్టిన మనిషంత గుడ్డబొమ్మను పడుకోబెట్టారు. పిల్లలు దానికి దూదమ్మ అని పేరు పెట్టారు. కట్లు కట్టడం, ఒళ్ళు తుడవడం, దుప్పటి మార్చడం — ఏ పనైనా ముందు దూదమ్మ మీదే నేర్వాలి. రాత్రిళ్ళు అది పక్కకు ఒత్తిగిల్లుతుందని కాపలా మునస్వామి తన బిడ్డల మీద ఒట్టేసి చెప్పేవాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా?

వడమాలపేట నుంచి వచ్చిన చంద్రకాంతానికి మాత్రం భయపడే తీరిక లేదు. తెల్లారితే పరీక్ష. ఈసారీ తప్పితే ఇంటికి పంపేస్తారు, మళ్ళీ శనక్కాయల కూలే గతి. రోగిని ముట్టుకునే ముందు మెత్తగా పలకరించి తీరాలని పాఠాలు చెప్పే సిస్టరమ్మ కట్టడి. బొమ్మను పలకరించాలంటే ఈ పిల్లకు నవ్వాగేది కాదు. పోయినసారి తప్పింది అక్కడే.

అందుకే రాత్రి కూడు తిన్నాక లాంతరు పట్టుకుని ఒక్కతే పోయింది. కిరసనాయిలు కరువు రోజులు. ఆ మసక వెలుతురులో దూదమ్మ తలనుంచి కాళ్ళదాకా దుప్పటి కప్పుకుని ఉంది.

చంద్రకాంతం సిగ్గు దిగమింగుకుని వంగింది. గుసగుసగా అడిగింది.

"అమ్మా... ఒళ్ళు తుడుస్తాను. చెయ్యి ఇట్ల ఇయ్యమ్మా."

దుప్పటి కదిలింది.

దాని అంచు కింద నుంచి ఒక చెయ్యి... మెల్లగా... పైకి లేచింది. లేచి, ఆమె మణికట్టు పట్టుకుంది. నిప్పులా కాలిపోతోంది ఆ చెయ్యి —

లాంతరు పడి ఆరిపోయింది. చెయ్యి ఎట్లా విడిపించుకుందో, తలుపు ఎట్లా లాగి గొళ్ళెం పెట్టిందో చంద్రకాంతానికే తెలీదు.

కేకలు విని పిల్లలందరూ వచ్చారు. మునస్వామీ వచ్చాడు గానీ గడప దగ్గరికి పోలేదు.

"తెల్లారేదాకా తీయొద్దు పాపా," అన్నాడు గొంతు తగ్గించి. "అది బయటికొచ్చిందంటే ఎవురినీ ఇడ్సిపెట్టదు."

అప్పుడు మొదలైంది... లోపలినుంచి తలుపు మీద చప్పుడు. ఆగి ఆగి. గట్టిగా కాదు, గోటితో గీకినట్టు. అది చెవిన పడకుండా పిల్లలు గొంతెత్తి ప్రార్థన చేశారు. కోడి కూసే వేళకు చప్పుడు ఆగిపోయింది. ప్రభువు విన్నాడని ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

తెల్లవారాక ఆయా గంగులమ్మ గంజి చెంబుతో వచ్చింది.

"ఆ గదిలో పండబెట్టినామె ఎట్లుండాది? రాత్రి రోంత గంజన్నా పోసినారా?"

ఎవరామె అని అడిగితే గంగులమ్మే చెప్పింది. నిన్న పొద్దుగూకే వేళ ఒక ఆడమనిషిని బండిలో తెచ్చారట. విపరీతమైన చలిజ్వరం, మాట పడిపోయింది. వార్డులో మంచాలు లేక గంగులమ్మ ఆమెను బొమ్మ మంచం మీద పడుకోబెట్టి, పెద్దనర్సుకు చెప్పి ఇంటికి పోయింది. ఆ పెద్దనర్సు డాక్టరమ్మ వెంట పల్లెలో కాన్పుకు పోయి ఇంకా తిరిగి రానేలేదు.

గొళ్ళెం తీశారు. తలుపు తెరుచుకోలేదు. లోపల ఏదో బరువు అడ్డం పడి ఉంది. ఇద్దరు కలిసి మెల్లగా తోశారు.

దూదమ్మ మూలన గోడకు ఆనుకుని ఉంది. ఆడమనిషి తలుపు వెనకే బోర్లా పడి ఉంది.

చంద్రకాంతం కూలబడి ఆమె చెయ్యి అందుకుంది. నాడి కోసం వెతికింది, మళ్ళీ వెతికింది. నాడి లేదు... చెయ్యి మాత్రం ఇంకా చల్లబడలేదు.