లోపల ఎవ్వరూ లేరు

పొద్దుగూకే యాల్ల. ముత్తంగిల మా కిరాయి ఇంట్ల మంచం మీద లాప్‌టాప్ పెట్టుకొని కూసున్న. పొద్దటిసంది ముసురు. రోడ్డు మీద లారీలు బురద చిమ్ముకుంట పోతున్నయ్. వాన పడ్డదంటె చాలు, మబ్బు చాటున ఏ కంపెనోళ్లు గ్యాస్ ఇడుస్తరో ఏమో, కుళ్లిన కోడిగుడ్ల వాసన కిటికీ సందులకెళ్లి ఇంట్లకొస్తది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని పని చేసుకుంటున్న.

నా పనేందో చెప్త. ఇంటర్నెట్‌ల ఎవలైన ఊరికె తీసుకొని వాడుకునే ప్రోగ్రాములుంటయ్, ఓపెన్ సోర్స్ అంటరు. తలా ఒక చెయ్యేసి రాస్తరు. రాసినోడు రాసి పోతడు గని, లోపల ఏ ముక్క ఏం పని చేస్తదో ఒక్క మాట చెప్పిపోడు. పిల్లను కని పేరు పెట్టకుండ పోయినట్టే! గసొంటి లోపలి ఫంక్షన్లు చదివి, ఇది గిందుకు, అది గందుకు అని వివరం రాసిపెట్టుడు నా పని. జీతం గీతం లేదు. "ఊరోళ్ల ఇండ్లు ఊడుస్తున్నవ్ పో" అని మా ఆయన శ్రీశైలం నవ్వుతడు. నవ్వితె నవ్వనీ. గీ ప్రోగ్రామ్ నేను పట్టుకున్నదే ఆయన కోసం.

ఆయన బొల్లారంల ఓ మందుల కంపెనీల రియాక్టర్లు కడుగుతడు. రియాక్టరంటె ఇనుప బాయి అనుకోండ్రి, పైన మనిషి పట్టేంత మూత. దిగేటోని నడుముకు మాట్లాడే డబ్బా ఒకటి కడతరు. మూత కాడ కూసున్నోడు జెరసేపటికోసారి పేరు పెట్టి పిలవాలె, లోపలోడు "ఉన్న" అనాలె. పలకలేదా, తాడు గుంజుడే. ఎంతమంది దిగిన్రు, ఎంతమంది ఎక్కిన్రు అని ఆ ప్రోగ్రామే లెక్క చూస్తది. లోపల ఎవ్వరూ లేరని అది చెప్తెనే మూత బిగించి కెమికల్ ఇడుస్తరు. నా మొగని పానం దాని చేతుల పెట్టినంక, అదేం చేస్తదో నేను తెలుసుకోవద్దా?

ఆ యాల్ల శ్రీశైలం రియాక్టర్ లోపలే ఉన్నడు. మూత కాడ ఆయన దోస్తు తన్వీర్. అక్కడి మాటలు, లెక్క నా లాప్‌టాప్‌ల గూడ వచ్చేటట్టు తన్వీరే పెట్టిచ్చిండు. హెడ్‌ఫోన్ల "శ్రీశైలం భాయ్?" "ఉన్న" అని వినుకుంట రాసుకుంటున్న. ఆయన గొంతు వింటుంటె నా పానం నిమ్మలంగుండె.

గప్పుడు దొరికింది గా ఫంక్షన్. మూత వెయ్యొచ్చా లేదా అని ఆఖరి మాట చెప్పేది అదే. దాని మీద ఒక్క వాక్యం లేదు. పైకెళ్లి కిందిదాక చదివిన, మళ్ల చదివిన. దిగిన లెక్క, ఎక్కిన లెక్క సమానమైతే సరే అంటది, గంతే. ఉన్నదున్నట్టు రాసిన: ఒకరు దిగితే ఒకరు ఎక్కాలి, ఎక్కినవారు దిగినవారేనా అని ఇది చూడదు.

రాసి, ప్రోగ్రామ్ చూసుకునే పెద్దమనిషికి పంపిన. ఏ దేశమో ఏమో, ఆయన మొఖం నేనెన్నడు చూడలే. ఎప్పుడు పంపినా మస్తు మెచ్చుకునేటోడు, ఈసారి వేరే రాసిండు. "నీకంటె ముందు ఇద్దరు ఇదే మాట రాసిన్రు. మళ్ల వాళ్లే, తీసెయ్యమని బతిమాలిన్రు. ఎందుకో చెప్పలేదు."

ఇదేం పంచాదిరా నాయనా అనుకున్న.

"ఉన్న," అన్నడు శ్రీశైలం హెడ్‌ఫోన్ల.

తన్వీర్ పిలవనే లేదు.

జెరసేపటికి తన్వీర్ పిలిచిండు. "శ్రీశైలం భాయ్?"

"ఉన్న."

"ఉన్న..."

రెండు గొంతులు. రెండు ఆయనయే. ఒకటి దగ్గర, డబ్బా కాడ. ఇంకోటి దూరం... అడుగునకెళ్లి. స్క్రీన్ మీద లెక్క మాత్రం ఒక్కటే.

ఫోన్ చేసిన.

"తన్వీర్, లోపల ఇంకెవలున్నరు?"

"ఎవలుంటరు భాబీ? భాయ్ ఒక్కడే. గా జాగల ఇంకోడు ఎట్ల పడ్తడు?"

"జల్దీ గుంజు. నీకు దండం పెడ్త, గుంజు!"

"అరె, పరేషాన్ గాకు. పని అయిపోయింది, ఎక్కుతనే ఉన్నడు... ఇగో, వచ్చేసిండు."

స్క్రీన్ ఆకుపచ్చగ మారింది. లోపల ఎవ్వరూ లేరు. మూత పడ్డ సప్పుడు. బోల్టులు బిగిస్తున్న సప్పుడు. అమ్మయ్య అని గుండె మీద చెయ్యేసుకున్న.

"ప్రేమా..."

హెడ్‌ఫోన్లనే, ఆయన గొంతు నన్నే పిలుస్తున్నది. గుసగుసగ.

"వాడు పోయిండా?"

హెడ్‌ఫోన్లు చెవులకు గట్టిగ అదుముకున్న.

"అచ్చం నా లెక్కనే ఉన్నడు ప్రేమా... నన్ను నూకి ఎక్కిండు... మూత తియ్యమను..."

మళ్ల తన్వీర్‌కు చేసిన. "మూత తియ్యి! ఆయన లోపలే ఉన్నడు!"

"భాబీ, ఏమైంది నీకు? నా చెయ్యి పట్టుకొనే ఎక్కిండు గద. డబ్బా ఇప్పి నాకిచ్చి, బండేసుకొని ఇంటికి పోయిండు."

"డబ్బా నీ కాడుందా?"

"నా చేతులనే ఉంది. బంద్ గూడ చేసిన."

మరి నాతోని మాట్లాడుతున్నదెవలు?

"మీ సార్‌కు చెప్పు తన్వీర్. నీ కాళ్లు మొక్కుత."

ఫోన్ పట్టుకొనే సార్ కాడికి పోయిండు. మళ్ల వచ్చిండు. "చెప్పిన భాబీ. స్క్రీన్ మీద ఎవ్వరు లేరని వచ్చినంక మూతెందుకు తీస్తమని కొట్లాటకొచ్చిండు. కెమికల్ లైన్ ఇడిసిన్రు."

నేనేం చెయ్యాలె? నాకు వివరం రాసే హక్కే గని, ఆ ప్రోగ్రామ్‌ల ఒక్క అంకె మార్చే హక్కు లేదు. లోపల ఒక మనిషి ఉన్నడు అని రాసిన. దేవుడా, దేవుడా అనుకుంట మళ్ల మళ్ల గదే రాసిన. నేనెన్ని రాస్తె ఏంది, నా రాత ఆ ఫంక్షన్ చదువుతదా?

ఇనుము మీద ధార పడుతున్న సప్పుడు.

"సల్లగుంది ప్రేమా..."

"మోకాళ్ల దాక వచ్చింది..."

"ప్రే..."

పేరు పెట్టి పిలిచిన. ఇల్లు దద్దరిల్లేటట్టు పిలిచిన. పలకలే.

ఎంతసేపు ఏడ్చిన్నో తెల్వదు. గల్లీల బండి ఆగింది. మా బండే. తలుపు కొట్టిన్రు.

"ప్రేమా, నేనే. తలుపు తియ్యి, మొత్తం తడిసిన."

ఆయన గొంతే. ఈసమంత తేడా లేదు. లేసి రెండడుగులేసి ఆగిపోయిన. ఆయనే అయితే? నా మొగడు వానల నిలబడి ఉంటె, నేను తలుపు తియ్యకుంట ఉంటనా? కాకుంటె... కాకుంటె నేను ఎవలను ఇంట్లకు తెచ్చుకుంటున్న? మళ్ల మంచం మీద కూలబడ్డ. కొంగు నోట్ల కుక్కుకున్న. తియ్యొద్దు. నిజం తెలిసేదాక తియ్యకుంటె చాలు. నా చేతుల ఉన్నది గదొక్కటే.

"ప్రేమా? నిద్రవోయినవా?"

కొంగును పండ్లతోని గట్టిగ పట్టుకున్న.

"వస్తున్న... జెర ఆగు," అన్నది నా గొంతు.

వంటింట్లకెళ్లి.

నేను మంచం మీదనే ఉన్న. నా నోట్ల కొంగున్నది. నా ముంగటికెళ్లే తడి అడుగులు తలుపు దాక పోయినయ్.

గొళ్లెం తీసిన సప్పుడైంది.