వలయం వెలుపల వదిన

నవంబరు తొమ్మిది, గురువారం, ఉదయం పది గంటలు. గూఢచారి విభాగపు మూడో అంతస్తులో, కిటికీలు లేని గదిలో హాజరైనవారు ముగ్గురు: చీఫ్, సహచరులు ‘మౌని’ అని పిలిచే ఏజెంట్, ఆకుపచ్చ సిల్కు దుస్తుల్లో మెరిసిపోతున్న అతని వదిన. ఆమె విదేశీ ముఠాలో సభ్యురాలిగా నటిస్తూ, వారి రహస్యాలను చీఫ్‌కు చేరవేసే డబుల్ ఏజెంట్.

“టార్గెట్ మన సైఫర్ శాస్త్రవేత్త,” అన్నాడు చీఫ్. “ఎంబసీల కోడ్ అంతా ఆయన బుర్రలోనే ఉంది. సాయంత్రం మీ వదిన పుస్తకావిష్కరణకు ముఖ్య అతిథి. ముఠా ఆయన్ని అక్కడే లేపేయాలని చూస్తోంది.”

“ఎలా?” అడిగాడు మౌని.

“అది నాకూ చెప్పలేదు,” అంది వదిన. “నువ్వు నా ఎడిటర్‌గా వేషం కట్టు. ముందు పుస్తకం చదువబ్బాయ్! నా వంటకు పెట్టినట్టు దానికీ వంకలు పెట్టకు.”

“ప్రమాదం కనిపిస్తే కోడ్ వర్డ్ ‘అమావాస్య’,” అని చీఫ్ లేచాడు.

అన్న పోయిన నాటినుంచి మౌనికి ఇల్లంటే ఆమె వంటిల్లే. మధ్యాహ్నమంతా కూర్చుని ఆమె పుస్తకం చదివాడు. నవలల్లో కనిపించే క్షుద్రవిద్యల గురించి కొత్త పాఠకులకు అది కరదీపిక: అంజనం, పరకాయప్రవేశం, రసవాదం, ఒక్కొక్కటీ విడమరచి చెప్పింది. ‘రక్షావలయం’ దగ్గర మాత్రం ఆమె స్వరం పెరిగింది. భూతాన్ని పిలిచే ఆవాహన మంత్రం చదివేవారు, దాని బారిన పడకుండా, వలయం లోపలే నిలవాలి. బయట నిలబెట్టే రచయితకు ఓనమాలు రావు. ఈ ఒక్క తప్పుకే ఆమె ఎందరో నవలాకారులను సభాముఖంగా ఉతికి ఆరేసింది.

సాయంత్రం సభ నిండింది. పెట్టుడు గడ్డంతో, చెవి మిషన్‌లో దాచిన రేడియోతో మౌని మొదటి వరుసలో కూర్చున్నాడు. వేదికపై సుద్దతో గీసిన వలయం, నడుమ ఇత్తడి దీపం.

“సార్, దీపం మీరు వెలిగించండి. మంత్రం నేను చదువుతాను,” అని వదిన శాస్త్రవేత్తను లోపలికి పంపింది. తాను గీత బయటే నిలిచి, పుస్తకం తెరిచింది.

మౌని గడ్డంలోని మైకులోకి గొణిగాడు. “వదినా, మంత్రం చదివేది మీరు. లోపలుండాలి కదా?”

ఆమె పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, తన రహస్య మైకులో, “ప్రదర్శనేగా. ఊరుకో,” అంది.

ఊరుకోవడం! ఈ విషయంలో ఆమె ఎన్నడూ ఊరుకున్నది లేదు. ఆమె మరో అడుగు వెనక్కి వేసింది. శాస్త్రవేత్త అగ్గిపుల్ల గీశాడు.

“అమావాస్య!”

మౌని ఒక్క గెంతులో వేదికెక్కి, వత్తికి వెంట్రుకవాసి దూరంలో ఉన్న మంటను అరచేత్తో నలిపేశాడు. చీఫ్ మనుషులు తలుపులు మూసేశారు. దీపం అడుగున నూనె లేదు, పేలుడు పదార్థం ఉంది.

పక్కగదిలో ఆమె చేతులకు బేడీలు వేశారు. మౌని గడ్డం పీకి బల్లమీద పడేశాడు.

“నా కుర్చీ మొదటి వరుసలో వేయించింది మీరే కదా?”

“వెనక వేయిస్తే చీఫ్‌కు అనుమానం వచ్చేది.”

“నేనూ పోయేవాణ్ణి, వదినా.”

“తెలుసు.”

“మరి ప్రతి ఆదివారం పిలిచి పెట్టిన అన్నం?”

“అది మనస్ఫూర్తిగానే పెట్టాను,” అంది ఆమె, తల తిప్పుకుని. ఆ మాట అబద్ధమైనా బాగుండునని అతనికి అనిపించింది.

ఆమెను తీసుకుపోయాక చీఫ్ వాంగ్మూలం ముందుకు తోశాడు. నిందితురాలితో బంధుత్వం అన్నచోట మౌని కలం ఆగింది. చివరికి ‘వదిన’ అని రాశాడు.

“ముందు ‘మాజీ’ అని చేర్చవయ్యా. నీకే మంచిది.”

“ఉద్యోగానికైతే రాజీనామా ఇవ్వొచ్చు సార్. దీనికి ఎవరికివ్వాలి?”

మౌని సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. చీఫ్ దాన్ని కవరులో వేసి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.